నాన్నగారి ఫుట్‌బాల్ సామాన్లు క్లబ్బు మ్యూజియానికి ఇవ్వాలి, ఫారం దగ్గరే ఆగిపోయాం

లంక ఇల్లు:
నమస్కారం అండీ. పొద్దుటి నుంచి ఒక ఫారంతోనే సరిపోయింది, ఇక బుర్ర పనిచేయట్లేదు. మా నాన్నగారు హైదరాబాద్‌లో ఆడిన పాత క్లబ్బు వాళ్లు చిన్న మ్యూజియం పెడుతున్నారు. మీ దగ్గరున్నవి ఇవ్వండి అని ఫోన్ చేస్తే ఆయన వెంటనే సరే అన్నారు. ఆ తర్వాత ఫారం పంపారు. ఒక్కో వస్తువుకీ పేరు, ఏడు, స్థితి, విలువ, ఫొటో కావాలట. 'స్థితి' దగ్గర ఏం రాయాలి? విలువ ఎంత వేయాలి? ఫ్రేములకి ఫొటో తీస్తే గాజులో నా మొహమే పడుతోంది, బాగా రాలేదు మళ్లీ పంపండి అంటున్నారు. బయటికి తీసి తీద్దామంటే కొన్ని ఫ్రేముల్లోంచి ఫొటో రావట్లేదు. నెలాఖరులోపు పంపాలి. నాన్నగారు ఇండియా ప్లేయర్ అండీ, ఆయన సామాన్లకి ఇన్ని తిప్పలా అని బాధగా ఉంది.

కాకినాడ సెంటర్:
ఏ వస్తువులు? ఎక్కడ దాచారు? అది రాయకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

మైదానం గట్టు:
ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే ఈ రోజు పిల్లలకి తెలియదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు టోర్నీ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ వారే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చినప్పుడూ ఆయనే కోచ్. మరుసటి ఏడాదే పోయారు. సికింద్రాబాద్ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం ఎంత పెద్ద ఆటగాడో ఇక్కడ పదిమందిని అడగండి, ఒకరు చెబితే గొప్ప. అందుకే మీ నాన్నగారి లాంటి వాళ్ల సామాను ఒక చోటికి చేరడం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ఆయన ఏ పొజిషన్‌లో ఆడేవారు? ఏ సంవత్సరాలు? ఇండియా తరఫున ఏ టోర్నీ?

లంక ఇల్లు:
స్టాపర్ బ్యాక్ అండీ, అంటే గోల్ ముందు అడ్డుకునే డిఫెండర్. డెబ్భైల్లో ఎక్కువ ఆడారు. సామాన్లు: రెండు జెర్సీలు, ఒక జత బూట్లు, తాళ్లు కట్టే పాత తోలు బంతి (అది ఆయన సీనియర్ ఇచ్చింది), మెడల్స్ కొన్ని, చిన్న కప్పులు, గ్రూప్ ఫొటోలు, పేపర్ కటింగులు. అన్నీ అటక మీద ట్రంకు పెట్టెలో ఉండేవి. ఇండియా క్యాంపుకి పిలిచారు, ఆ ఉత్తరం ఉంది.

మైదానం గట్టు:
అయితే దయచేసి ఫారంలో 'ఇండియా ప్లేయర్' అని రాయకండి. క్యాంపుకి వెళ్లడం వేరు, జట్టులో ఆడటం వేరు. 'జాతీయ శిక్షణ శిబిరానికి ఎంపిక' అని రాయండి, పక్కన ఉత్తరం పెట్టండి. మ్యూజియంలో ఒక తప్పు చీటీ ఉంటే మిగతా చీటీలన్నీ అనుమానం కిందికి వస్తాయి.

రేవు వీధి:
క్యాంపుకి పిలిచారంటే దేశంలో ఆ కొద్దిమందిలో ఒకడన్నట్టే కదండీ. మా ఊళ్లో అయితే ఆయన్ని ఇండియా ప్లేయర్ అనే అంటాం. పెద్దాయన్ని తగ్గించి రాయాల్సిన పనేముంది?

మైదానం గట్టు:
తగ్గించడం కాదండీ. ఆ రోజుల్లో క్యాంపు దాకా వెళ్లడం మామూలు విషయమా? ఉన్నది ఉన్నట్టు రాసినా అది గొప్పే. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో మన రాష్ట్రానికి ఆడి ఉంటే అది కూడా రాయండి. 1965-66లో ఆ ట్రోఫీ గెలిచింది మన ఆంధ్రప్రదేశే.

పాత కాగితం:
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. ఫ్రేముల్లోంచి ఫొటోలు రావట్లేదు అన్నారు, అది నన్ను కంగారు పెట్టింది. లాగడం వెంటనే ఆపేయండి. ఆ పెట్టె ఎప్పుడైనా నీళ్లలో తడిసిందా?

లంక ఇల్లు:
తడిసిందండీ. 86 గోదావరి వరదలో ఇల్లంతా మునిగింది కదా, పెట్టె కూడా నీళ్లలోనే ఉంది. తర్వాత అన్నీ ఎండబెట్టి మళ్లీ సర్దేశారు. అది ఇప్పుడు అవసరమా?

పాత కాగితం:
చాలా అవసరం, మీ కష్టమంతా అక్కడే ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైన పారింది, ఆ ఒండ్రు నీళ్లలో నానిన పెట్టె ఇది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోల పై పొర జెలటిన్, అంటే జిగురులాంటి పదార్థం. తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, అలాగే ఆరితే గాజుకి అతుక్కుపోతుంది. గోరుతో, బ్లేడుతో తీస్తే బొమ్మ గాజుతో పాటే ఊడి వస్తుంది. గాజుతో సహా ఇచ్చేయండి. ఫారంలో 'స్థితి' దగ్గర 'వరదలో తడిసింది, గాజుకి అతుక్కుంది, విడదీయలేదు' అని రాయండి. స్థితి అంటే ఇంతే, ఉన్న దెబ్బ చెప్పడం. దాచి రాస్తే అక్కడ ఎవరో తెలియక లాగుతారు.

ఫొటోకి: ఫ్లాష్ ఆపేయండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని వెలుతురులో ఫ్రేముని గోడకి ఆనించండి. నల్ల గుడ్డకి చిన్న కన్నం పెట్టి, అందులోంచి ఫోన్ కెమెరా మాత్రమే కనబడేలా పట్టుకోండి. గాజులో నలుపే పడుతుంది, మీరు పడరు.

జెర్సీలు ఉతకొద్దు. సర్ఫ్, బ్లీచింగ్ దగ్గరికి రానివ్వద్దు. బూజు ఉంటే ముక్కుకి మాస్క్ కట్టుకుని, వీధి అరుగు మీద నీడలో, మెత్తటి బ్రష్‌తో దులపండి. బూట్లకి మేకులు కొట్టిన స్టడ్లు (అడుగున ఉండే గుబ్బలు) ఉంటే తుప్పు తోలులోకి దిగి ఉంటుంది. వాటికి నూనె, పాలిష్ పెట్టకండి. బంతిలో గాలి నింపే ప్రయత్నం అసలు చేయకండి, ఎండిన తోలు కుట్ల దగ్గర చిట్లిపోతుంది. మెడల్స్‌ని చింతపండుతో తోమే అలవాటు మన ఇళ్లలో ఉంది. పైపూత ఉన్న మెడల్‌ని అలా తోమితే పూత పోయి లోపలి లోహం బయటపడుతుంది. నల్లబడ్డా సరే, వదిలేయండి.

మూటకి పాత పంచె ముక్కలు మంచివి, కానీ గంజి పెట్టినవి వద్దు. గంజికి సిల్వర్‌ఫిష్ పురుగులు వస్తాయి. న్యూస్‌పేపర్ సిరా అంటుతుంది. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూస్తే మన గాలిలో ఉన్న తేమకి లోపలే చెమ్మ పట్టి బూజు వస్తుంది. పెట్టెలో కలరా ఉండలు, కర్పూరం కలిపి వేసి ఉంటే రెండూ తీసేయండి, కలిస్తే జిడ్డుగా కరిగి మరకలు పడతాయి.

కాకినాడ సెంటర్:
ఆర్టీసీ కార్గోలో వేయకండి. వెళ్లేవాళ్లెవరైనా చేత్తో తీసుకెళ్లాలి.

గుమస్తా బల్ల:
అందరూ బూజు గురించే మాట్లాడుతున్నారు, కాగితం సంగతి ఎవరూ ఎత్తట్లేదు. దానపత్రం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 123 ప్రకారం కదిలే వస్తువులకి చేతికి అందిస్తే చాలు. అయితే సెక్షన్ 122 చూడండి. ఇచ్చేవారు బ్రతికి ఉండగానే పుచ్చుకునేవారు స్వీకరించాలి. అంటే క్లబ్బు సెక్రటరీ సంతకం, తేదీ, వస్తువుల జాబితా ఉన్న రసీదు నాన్నగారి చేతికి రావాలి. ఆ క్లబ్బు రిజిస్టర్డ్ సొసైటీయేనా? లేకపోతే రేపు కమిటీ మారితే ఎవరిని అడుగుతారు?

రేవు వీధి:
రిజిస్ట్రేషన్ లేకుండా దానం చెల్లదండీ. మా మావయ్య మా అత్తకి ఇల్లు ఇస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లే చేశారు.

గుమస్తా బల్ల:
అది ఇల్లు, స్థిరాస్తి. దానికి రిజిస్ట్రేషన్ తప్పదు. ఇవి బూట్లు, చొక్కాలు. రెండూ ఒకటి కాదు.

లంక ఇల్లు:
ఇంకో సంగతండీ. బూట్లు ఇవ్వను, కావాలంటే చూపించి తిరిగి ఇవ్వమనండి అంటున్నారు నాన్నగారు. మా తమ్ముడు ఒక కప్పు ఉంచుకుంటానంటున్నాడు. ఫారంలో 'దానం' ఒక్కటే ఉంది. 'అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి' అని పక్కన రాసేస్తే సరిపోతుందా?

గుమస్తా బల్ల:
సరిపోదు. ఇచ్చినాయన ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోవచ్చు అని రాస్తే సెక్షన్ 126 ప్రకారం ఆ దానమే నిలవదు. బూట్లకి వేరే కాగితం రాయించండి. ప్రదర్శన కోసం ఇన్నేళ్లకి ఇస్తున్నాం, గడువు తీరాక తిరిగి ఇవ్వాలి, పాడైతే బాధ్యత క్లబ్బుది అని. తమ్ముడి కప్పు జాబితాలోంచి ఇప్పుడే తీసేయండి. విలువ గడి ఎందుకో క్లబ్బునే అడగండి. ఇన్సూరెన్స్ కోసమైతే వాళ్లే లెక్క వేయాలి. ఇన్‌కం టాక్స్ తగ్గింపు ఆశ మాత్రం పెట్టుకోకండి. అది డబ్బుగా ఇచ్చిన విరాళానికే, వస్తువులకి రాదు.

మైదానం గట్టు:
బూట్లు ఆయన దగ్గరే ఉండనివ్వండి, దానికి బలవంతం చేయొద్దు. నాదొక్కటే విన్నపం. గ్రూప్ ఫొటోలు ముందు పెట్టుకుని ఆయన చేత ఒక్కొక్కరి పేరు చెప్పించి ఫోన్లో రికార్డు చేయండి. ఎడమ నుంచి కుడికి, నిలబడ్డవాళ్లు, కూర్చున్నవాళ్లు. ఏ మ్యాచ్, ఏ గ్రౌండ్, ఎవరు తీశారు అన్నీ. ఆ పేర్లు ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియవు. పేరు లేని జట్టు ఫొటో గోడకి వేలాడినా ఎవరూ దాని ముందు ఆగరు. విడి ఫొటోల వెనక పెన్ వద్దు, మెత్తటి పెన్సిల్‌తో రాయండి.

పాత కాగితం:
అవును, బాల్‌పెన్ ఒత్తు ముందువైపు గీతగా తేలుతుంది. గాజుకి అతుక్కున్న వాటికి వెనక కూడా రాయకండి, వేరే కాగితం మీద నంబరు వేసి రాయండి.

రేవు వీధి:
మా తాతగారివి వాలీబాల్ కప్పులు ఉన్నాయండీ, నరసాపురంలో. వాటిని తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాజమండ్రి రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం వాళ్లు తీసుకుంటారా?

కాకినాడ సెంటర్:
అది పురావస్తు మ్యూజియం. వేరే థ్రెడ్ పెట్టండి.

లంక ఇల్లు:
థాంక్సండీ అందరికీ. నల్ల గుడ్డ పనిచేసింది. కర్పూరం తీసేశాం. సెక్రటరీ ఫోన్ ఎత్తట్లేదు, రేపు మళ్లీ చేస్తాను. నాన్నగారు పేర్లు చెబుతున్నారు, రికార్డు చేస్తున్నాను, మళ్లీ వస్తాను.