స్విఫ్ట్‌కి ఏ బ్రేక్ ప్యాడ్లు? రోజూ రోడ్డు, అప్పుడప్పుడు ట్రాక్

మూడులాంతర్లు
పెట్రోల్ స్విఫ్ట్. ముందు డిస్క్, వెనక డ్రమ్. రోజూ విజయనగరం–శ్రీకాకుళం తిరిగే బండి, అప్పుడప్పుడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటై ట్రాక్‌కి వెళ్తాది. కంపెనీ ప్యాడ్లతో నాలుగు ల్యాపులు గట్టిగా తోలితే బ్రేకులు పోతున్నాయి. రెండింటికీ పనికొచ్చే ఒక్క సెట్ చెప్పండన్నా.

నాగావళి_గ్యారేజ్
తమ్ముడూ, "బ్రేకులు పోతున్నాయి" అంటే ఎలా పోతున్నాయి? పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ వేడికి పట్టు వదిలేసినట్టు. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయి, రెండుసార్లు పంపు కొడితే మళ్లీ పైకొస్తుంటే బ్రేక్ ఆయిల్ మరిగినట్టు. ఆయిల్ మరిగే బండికి ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా దండగే.

డాట్ 4 అనే గ్రేడు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే ఆయిల్ 3.7 శాతం నీరు పట్టాక 155. అది గాల్లో తేమని పీలుస్తూనే ఉంటాది, మన తీరంలో ఉక్క ఎంతో తెలిసిందే కదా. ట్రాక్‌కి వెళ్లే ముందు నాలుగు చక్రాలకీ కొత్త ఆయిల్ ఎక్కించి, ఎయిర్ మొత్తం తీయించు. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిదైతే కొత్తగా ఉన్నప్పుడు 312, తేమ పట్టాక 205. సిలికాన్ రకం డాట్ 5 మాత్రం పోయొద్దు, డాట్ 5.1 వేరు, అది వేరు.

వంశధార_రెవ్స్
పైన అన్న చెప్పింది ముందు చెయ్యి. ఆ తర్వాత ప్యాడ్ సంగతి.

1,100 కిలోల బండి 140 నుంచి 60కి తగ్గాలంటే దాదాపు 680 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. టౌన్‌లో 60 నుంచి పూర్తిగా ఆగితే 150 చిల్లర. అంటే ట్రాక్‌లో ఒక్కో పెద్ద బ్రేకు నాలుగు టౌన్ బ్రేకులకి పైమాటే, మధ్యలో చల్లారే టైమ్ ఉండదు. మామూలు ప్యాడ్లలో పదార్థాన్ని అతికించి ఉంచే రెసిన్ (జిగురు) 300–350 డిగ్రీలు దాటితే ఆవిరవడం మొదలెడతాది, పట్టు అక్కడే పోతాది.

ప్యాడ్ అంచు మీద కోడ్ చివర రెండు అక్షరాలు చూడు. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిలో పట్టు. ‘ఈ’ (E) అక్షరమంటే ఘర్షణ గుణకం 0.25–0.35, ఎఫ్ 0.35–0.45, జీ 0.45–0.55. అయితే ఆ పరీక్ష ట్రాక్ వేడి దాకా వెళ్లదు, కాబట్టి తయారీదారు ఇచ్చిన ఉష్ణోగ్రత గ్రాఫ్ కూడా చూడాలి. ఒక్క సెట్టే కావాలంటే ఫెరోడో డీఎస్2500 తరగతి నా ఎంపిక: చల్లగా ఉన్నా పట్టుకుంటాది, 500 డిగ్రీల దాకా నిలబడతాది. కీచుమంటాది, దుమ్ము ఎక్కువ. నీ కాలిపర్‌కి (ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే భాగం) ఆ షేపు దొరుకుతుందో లేదో ఆర్డర్ ముందే ప్యాడ్ వెనకుండే ఇనప రేకు, అంటే బ్యాక్ ప్లేట్ కొలిచి చూసుకో.

సాలూరు_ఘాట్
ఒక్క సెట్ అనే ఆలోచనే నాకు నచ్చదు. అసలు రేస్ ప్యాడ్ వేసుకుని రోడ్డెక్కితే మరీ ప్రమాదం. రణస్థలం దగ్గర హైవే మీద ఆటో అడ్డంగా తిరిగితే ఆ మొదటి బ్రేకుకే బండి ఆగాలి. రేస్ ప్యాడ్ వేడెక్కితేనే పట్టుకుంటాది, అప్పటికి దానికి వేడే రాదు. రెండు సెట్లు ఉంచుకో, ట్రాక్‌లో మార్చు. కాలిపర్ కింది బోల్టు విప్పి పైకి తిప్పితే చాలు, చక్రానికి అరగంట.

మార్చేటప్పుడు కాలిపర్ జరిగే స్లైడ్ పిన్‌లు చేత్తో కదులుతున్నాయో చూడు. బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతాది. పిన్‌లకి సిలికాన్ గ్రీజే రాయాలి, మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బిపోతాది. కాలిపర్‌ని హోస్ (బ్రేక్ ఆయిల్ వచ్చే రబ్బరు పైపు) మీద వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగుకి కట్టు.

సుంకి ఘాట్ దిగడానికి మాత్రం కంపెనీ ప్యాడ్ చాలు, సెకండ్ గేర్‌లో దిగితే.

మూడులాంతర్లు
పెడల్ మెత్తబడుతోందన్నా, పంపు కొడితే వస్తోంది. అయితే ముందు ఆయిలే. రెండు సెట్లైతే ప్రతిసారీ బెడ్డింగ్, అంటే ప్యాడ్‌ని డిస్క్‌కి అలవాటు చేయడం, చేయాలా?

వంశధార_రెవ్స్
కొత్తవైతే తప్పదు. ముందూ వెనకా బళ్లు లేని చోట 100 నుంచి 20కి ఎనిమిది పదిసార్లు గట్టిగా తగ్గించు, పూర్తిగా ఆపొద్దు. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లార్చు. వేడి మీద పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఒకేచోట అచ్చు పడతాది. తర్వాత స్టీరింగ్ వణికితే అందరూ "డిస్క్ వంకర పోయింది" అంటారు. చాలాసార్లు అది ఈ మచ్చే. రెండు సెట్ల పదార్థాలు వేరైతే సెట్ మార్చాక కూడా నాలుగైదుసార్లు ఇలాగే చెయ్యి, పాత పొర పోవాలి.

నాగావళి_గ్యారేజ్
రోడ్డు మీద 3 మి.మీ. మిగిలే దాకా వాడొచ్చు గానీ, ట్రాక్‌కి సగం కన్నా అరిగిన ప్యాడ్‌తో వెళ్లకు. పలచబడిన ప్యాడ్ వేడిని నేరుగా పిస్టన్‌కి, ఆయిల్‌కి పంపుతాది. డిస్క్ మందం కూడా కొలువు, కనీసం ఎంతుండాలో డిస్క్ మీదే కొట్టి ఉంటాది.

ముందు పట్టు బాగా పెంచి వెనక డ్రమ్ములోని షూలు గాలికొదిలేస్తే ఏబీఎస్ తొందరగా కొట్టుకుంటాది. డ్రమ్ములు విప్పి దుమ్ము దులిపి, సిలిండర్ కారుతోందేమో చూసి సెట్ చేయించు. ట్రాక్ దిగి వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు. ఫస్ట్ గేర్‌లో వేసి, చక్రానికి రాయి పెట్టు.