జెండాలో ఆకుపచ్చ దేనికి గుర్తు? మా అమ్మాయికి సున్నా వేశారు

సత్యనారాయణపురం నాన్న

మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో రెండు మార్కుల ప్రశ్న: "మన జాతీయ జెండాలో ఆకుపచ్చ రంగు దేనికి గుర్తు?" తను రాసింది ఇది: "మొదట గాంధీ గారు ముస్లింల కోసం పెట్టమన్నారు. తర్వాత అర్థం మార్చారు. ఇప్పుడు పంటలకు గుర్తు."

టీచర్ గారు మొదటి వాక్యాన్ని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన "మతం ప్రస్తావన తప్పు" అని రాసి సున్నా వేశారు. పెన్ను ఎంత గట్టిగా నొక్కారంటే కాగితం వెనక్కి తిప్పితే గీత చేతికి తగులుతోంది.

మార్కుల గురించి కాదు నా బాధ. ఆ జవాబు పిల్లకు చెప్పింది మా నాన్నగారు. 84 ఏళ్ళు ఆయనకు. "నేను పిల్లకి తప్పు చెప్పానా?" అని రెండు రోజులుగా అడుగుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి. స్కూలు పేరు నేను చెప్పను, దయచేసి ఎవరూ అడగొద్దు.

సోషల్ మాస్టారు

నేను 22 ఏళ్ళుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. సున్నా వేయడం అన్యాయం. కానీ ఆ టీచర్ గారి భయం నాకు తెలుసు. 1931 ఆగస్టులో బొంబాయిలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ తీర్మానం చేసింది. రంగులకు మతపరమైన అర్థం లేదని అందులో స్పష్టంగా ఉంది. కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు శాంతికీ సత్యానికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ, రాట్నం సామాన్యుల ఆశకూ గుర్తు అన్నారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో జెండా తీర్మానం ప్రవేశపెడుతూ నెహ్రూ గారు కూడా, కొందరు ఈ రంగుల్ని మతాల లెక్కలో అపార్థం చేసుకున్నారని, జెండాను రూపొందించినప్పుడు అలాంటి అర్థమేదీ లేదని చెప్పారు. పరీక్షలో పిల్లలు రాయాల్సింది అదే అని నా అభిప్రాయం.

బందరు పాతకాగితాలు

మాస్టారూ, మీరు చెప్పిన 1931 తీర్మానం నిజం. కానీ కథ పదేళ్ళ ముందు నుంచి మొదలవుతుంది. ఆ పదేళ్ళూ వదిలేస్తే పెద్దాయనకు అన్యాయం జరుగుతుంది.

1921 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు. ఆ వెంటనే ఏప్రిల్ 13న తన పత్రిక 'యంగ్ ఇండియా'లో గాంధీ గారు జెండా గురించి రాశారు. మన పింగళి వెంకయ్య గారి ప్రస్తావన అందులో ఉంది. మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన ఈయన జెండా కోసం ఏళ్ళ తరబడి పట్టు వదలకుండా పనిచేస్తున్నారని మెచ్చుకున్నారు. అయినా ఆయన గీసిన నమూనాలేవీ తనను కదిలించలేదనీ దాచకుండా రాశారు. జెండా మీద రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. బెజవాడలో గాంధీ గారు వెంకయ్య గారిని పిలిచి ఎరుపు, ఆకుపచ్చ నేల మీద రాట్నం వేసివ్వమన్నారు. ఎరుపు హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది అని ఆయనే ఆ వ్యాసంలో రాశారు. మూడు గంటల్లో జెండా చేతికొచ్చింది. అయినా కమిటీ ముందు పెట్టడానికి వేళ మించిపోయింది.

ఆలస్యమైనందుకు సంతోషించానని గాంధీ గారు అన్నారు. తీరిగ్గా ఆలోచిస్తే మిగతా మతాలకు చోటు లేదని తట్టిందట. అందుకని తెలుపు చేర్చారు. వరస గమనించండి: పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు. సంఖ్యలో తక్కువున్నవాళ్ళు పైన. బలమైనవాళ్ళు బలహీనులకు అండగా నిలవాలి కాబట్టి ఎరుపు అడుగున.

అంటే మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకు ఈ మాట చెప్పండి.

సోషల్ మాస్టారు

ఆ వ్యాసం నేనూ చదివాను. అది ఒక నాయకుడి ప్రతిపాదన. కాంగ్రెస్ అధికారికంగా ఆమోదించిన జెండా 1931ది. నెహ్రూ గారి మాట ఆ జెండా గురించి అనుకుంటే అందులో తప్పు లేదు.

బందరు పాతకాగితాలు

ఆమోదం లేకపోయినా ఆ పదేళ్ళూ ఊళ్ళలో ఎగిరింది ఆ జెండాయే కదండీ. నాగపూర్‌లో 1923లో జెండా సత్యాగ్రహం చేసి జనం జైళ్ళకు వెళ్ళింది దేనికోసం?

పైగా 1931లో అర్థాన్ని ఎందుకు మార్చాల్సి వచ్చిందో చూడండి. ఒక్కో మతానికి ఒక్కో రంగు అనగానే సిక్కులు మా రంగేదీ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అలా అడుగుతూ పోతే జెండాలో గళ్ళు సరిపోవు. 1931లో ఏడుగురితో కమిటీ వేశారు. పటేల్, నెహ్రూ, ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హార్డికర్, వీళ్ళతో పాటు కన్వీనర్‌గా మన పట్టాభి సీతారామయ్య గారు. ఈ కమిటీ అసలు మూడు రంగులే వద్దంది. మొత్తం ఒకే కాషాయం, మూలన రాట్నం చాలంది. కాంగ్రెస్ కమిటీ దాన్ని తోసిపుచ్చి, మూడు రంగులు ఉంచి, ఎరుపును కాషాయం చేసి పైకి తెచ్చి, మతాల అర్థం తీసేసింది. తెలిసి తెలిసి, చర్చించి తీసేశారు. ఒక జాతి తన జెండా గురించి ఇంత గట్టిగా వాదించుకుని మనసు మార్చుకోవడం నాకు గర్వంగా అనిపిస్తుంది. దాన్ని పిల్లల దగ్గర దాచడం దేనికి?

కాజీపేట జంక్షన్

దాచడం దేనికి అంటే నేను చెబుతా.

నాకు అప్పుడు పదేళ్ళు. ఆగస్టు 15 ముందు రోజు క్లాసులో రంగు కాగితాలు కత్తిరిస్తున్నాం. నాకు కాషాయం కాగితం ఇష్టం, తీసుకున్నా. పక్కనున్న పిల్లాడు దాన్ని నా చేతిలోంచి లాగి, ఆకుపచ్చది చేతిలో పెట్టి, "మీది ఇది" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటాం. వాడికి ఇంట్లో ఎవరో గాంధీ గారి కథ చెప్పారు, అంతే. కానీ ఆ రోజు నేను ఆకుపచ్చ త్రికోణాలు కత్తిరిస్తూ ఒకటే అనుకున్నా. నిన్నటిదాకా జెండా మొత్తం నాది, ఇవాళ మూడో వంతే నాదైంది.

పక్కదేశం జెండా చూడండి. ఆకుపచ్చ మెజారిటీకి, కర్ర పక్కన తెల్ల పట్టీ మైనారిటీలకు అంటారు. జెండాలో నీకో పట్టీ ఇచ్చాం, అక్కడ ఉండు అన్నట్టుంటుంది నాకు. 1931లో మనవాళ్ళు దాన్ని వద్దనుకున్నారు. నాకు ఆ నిర్ణయం ప్రాణంతో సమానం. సున్నా వేసిన టీచర్ గారు నాలాంటి పిల్లాడెవరినైనా మనసులో పెట్టుకుని ఉండొచ్చు.

సత్యనారాయణపురం నాన్న

అన్నా, ఇది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఈ వైపు నుంచి ఆలోచించనే లేదు.

డల్లాస్ కృష్ణ

వేరే దేశాల సంగతి కాస్త కలుపుతాను. ఇక్కడ మా అబ్బాయికి అమెరికా జెండాలో ఎరుపు శౌర్యం, తెలుపు స్వచ్ఛత, నీలం న్యాయం అని చెప్పారు. వెతికితే 1777 జూన్ 14 నాటి జెండా తీర్మానంలో రంగుల అర్థం ఒక్క ముక్క లేదు. ఆ అర్థాలు 1782లో రాజముద్ర గురించి అప్పటి అమెరికా కాంగ్రెస్ కార్యదర్శి చార్ల్స్ థామ్సన్ ఇచ్చిన వివరణలోవి. ముద్రకు చెప్పిన మాటలు జెండాకు అంటుకున్నాయి.

దక్షిణాఫ్రికా ఇంకో దారి పట్టింది. 1994లో కొత్త జెండా పెట్టుకున్నప్పుడు ఏ రంగుకూ అందరికీ వర్తించే అర్థమంటూ చెప్పకూడదని ప్రభుత్వమే అనుకుంది. అన్ని దశాబ్దాల జాతి వివక్ష తర్వాత, ఈ రంగు వీళ్ళది అని ఎవరు అన్నా గొడవే.

ఐర్లండ్ మాత్రం దాచుకోలేదు. ఆకుపచ్చ కాథలిక్కులు, నారింజ ప్రొటెస్టెంట్లు, మధ్యలో తెలుపు ఇద్దరి మధ్య శాంతి. 1848లో థామస్ మాహర్ ఆ జెండా చూపించినప్పటి నుంచీ అదే చెబుతున్నారు. కాబట్టి వర్గాల పేరు చెప్పినంత మాత్రాన జెండా చీలిపోదు.

కాజీపేట జంక్షన్

కృష్ణ గారూ, ఆ నారింజ ఎవరి కోసం పెట్టారో ఆ ఉత్తర ఐర్లండ్ యూనియనిస్టులు, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్ళు, ఆ జెండాను తమదనుకున్నారా? రంగు ఇచ్చినంత మాత్రాన మనిషి రాడండీ.

డల్లాస్ కృష్ణ

ఆ మాట ఒప్పుకుంటాను.

ఎర్రకాలువ రైతు

పంటలకు గుర్తు అని పాప రాసింది కదా, అది ఎక్కడిది? 1931 తీర్మానంలో ఆకుపచ్చకు పంటల మాటే లేదని మాస్టారు రాసినదాన్ని బట్టి తెలుస్తోంది.

సోషల్ మాస్టారు

మంచి ప్రశ్న. అది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి నుంచి వచ్చింది. 1947 జూలై 22నే రాజ్యాంగ సభలో మాట్లాడుతూ ఆయన కాషాయాన్ని వైరాగ్యం అన్నారు. నాయకులు స్వలాభం చూసుకోకుండా పనికి అంకితం కావాలని దాని భావం. తెలుపు వెలుగు, సత్యమార్గం. ఆకుపచ్చ మనకు నేలతో, మొక్కలతో ఉన్న బంధం, మిగతా ప్రాణులన్నీ దాని మీదే ఆధారపడ్డాయి అన్నారు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఇంకో రకంగా ఉంటుంది: కాషాయం దేశ బలం, ధైర్యం, ఆకుపచ్చ నేల సారం, ఎదుగుదల, శుభం.

ఇది రాస్తుంటే నాకే ఒక విషయం తట్టింది. 1931లో విశ్వాసం, శౌర్యం. 1947లో నేల. తర్వాత ఎదుగుదల, శుభం. ఒక్క ఆకుపచ్చకే ఇన్ని. సభ ఆమోదించిన తీర్మానం మళ్ళీ తీసి చూశాను. ముదురు కాషాయం, తెలుపు, ముదురు ఆకుపచ్చ, సమాన పాళ్ళలో, మధ్యలో నీలం చక్రం, వెడల్పు పొడవులు సాధారణంగా 2:3. అంతే. ఏ రంగుకూ అర్థం రాయలేదు. 22 ఏళ్ళుగా నేను పిల్లలకు "అధికారిక అర్థం" అని చెబుతున్నది తీర్మానంలో లేదు. చెప్పే తీరు మార్చుకోవాలి.

ఖద్దరు కుట్టు

నేను చదువుకున్నవాణ్ణి కాదు, జూలై నుంచి ఆగస్టు దాకా జెండాలు కుడతా. 2021 డిసెంబరులో పాలిస్టరుకు, మెషీన్ మీద చేసినవాటికి కూడా అనుమతి ఇచ్చాక ఖద్దరు జెండా అడిగేవాళ్ళు తగ్గారు. అయినా మానలేదు.

నాకు తెలిసింది ఒకటే. మూడు పట్టీలూ ఒకే కొలత ఉండాలి. కుట్టులోకి పోయే గుడ్డ ముందే లెక్కేసుకోవాలి. తెల్ల పట్టీకి పైనా కిందా రెండు పక్కలా కుట్టు పడుతుంది కాబట్టి దాన్ని కొంచెం వెడల్పుగా కత్తిరిస్తాం, లేకపోతే అదే సన్నగా అయిపోతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు మూడూ సమానంగా కత్తిరించి తెస్తారు. కుట్టాక తెలుపు తగ్గిపోతుంది. మళ్ళీ విప్పాలి.

బందరు పాతకాగితాలు

అన్నా, మీరు రాసింది చదివి లేచి కూర్చున్నాను. గాంధీ గారి 1921 వ్యాసంలోనే ఉంది ఆ మాట. మూడు రంగులకూ సమాన భాగం ఎందుకంటే, మనలో అందరికన్నా చిన్నవాడు కూడా పెద్దవాడితో సమానం కాబట్టి. తర్వాత ఎరుపు పోయింది, వరస మారింది, రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది. రాట్నం లేని జెండాకు వందనం చెయ్యనని గాంధీ గారే 1947లో అన్నారు. రంగుల అర్థాలన్నీ మారాయి. సమాన పాళ్ళు మాత్రం 1947 తీర్మానంలో అలాగే ఉంది.

కాజీపేట అన్నా, మీకు నచ్చుతుందో లేదో గానీ, మతాల కథ చెప్పకుండా ఈ కొలత ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు ఎలా చెబుతాం?

కాజీపేట జంక్షన్

కొలత సంగతి నాకు తెలీదు. బాగుంది, నిజంగా బాగుంది. ఆ రోజు నా చేతిలో ఆకుపచ్చ కాగితం పెట్టినవాడికి ఇది కూడా ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

సత్యనారాయణపురం నాన్న

అందరికీ నమస్కారం. నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. ఎరుపు కింద ఉండేదన్న సంగతి మర్చిపోయారట. "నేను సగమే చెప్పాను, మార్చినవాళ్ళ కథ కూడా చెప్పాల్సింది" అన్నారు. అమ్మాయి ఇంట్లో ఉన్న జెండా తెచ్చి స్కేలుతో మూడు పట్టీలూ కొలిచింది. తెలుపు రెండు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. ఖద్దరు అన్న చెప్పింది ఎందుకో దానికి అర్థమైంది.

సోమవారం 1921 వ్యాసం, 1931 తీర్మానం, 1947 తీర్మానం మూడూ జిరాక్స్ తీసి టీచర్ గారికి ఇస్తాను. గొడవ పెట్టుకోను.

సోషల్ మాస్టారు

నేనైతే ఆ జవాబుకు ఒకటిన్నర వేస్తాను. పంటల మాట ఎవరిదో రాయలేదు కాబట్టి అర తగ్గిస్తాను.

కాజీపేట జంక్షన్

ఇవ్వండి. కానీ ఒక్క కోరిక. టీచర్ గారు దాన్ని క్లాసులో చదివి వినిపిస్తే, మూడు కాగితాలూ ఒకే రోజు, ఒకే పీరియడ్‌లో చదవమనండి. మొదటిది ఇవాళ, మిగతావి రేపు అంటే, ఆ ఒక్క రాత్రి ఒక పిల్లాడికి చాలా పెద్దది.

సత్యనారాయణపురం నాన్న

ఇదే మాట ఆ జిరాక్సుల పైన రాసి ఇస్తాను అన్నా.