‘నచ్చిన ఐదు పాటలు చెప్పండి’ అని అడగడం దండగ. కాదంటారా?

పాత టేపు:
ఈ పాటల గ్రూపులోకి ఎవరైనా వచ్చి ‘కొత్తగా ఏమైనా వినాలనుంది, పెద్దగా ఎవరికీ తెలియనివి చెప్పండి’ అంటే చాలు, మనందరి నోటా ఒకటే మాట: ‘ముందు మీకు నచ్చినవి ఓ ఐదు చెప్పండి’. ఇన్నేళ్లుగా నేనూ అదే అడుగుతున్నాను. ఈమధ్యే ఆ ప్రశ్న మీద నమ్మకం పోయింది. తిట్టేవాళ్లు తిట్టండి గానీ, ముందు జరిగింది వినండి.

ఒకాయన ఐదు పేర్లిచ్చారు. ఐదూ గిటార్ బ్యాండ్లే. నాకు చేతినిండా పని దొరికింది. అదే కాలానివి, అదే బాణీవి, పేరు రాకుండా పోయిన బ్యాండ్లు ఏరి పదకొండు పంపాను. వారం పోయాక ‘బాగున్నాయండీ’ అన్నారు. ఆ ‘బాగున్నాయండీ’కి అర్థమేంటో ఇక్కడ అందరికీ తెలుసు. వదలకుండా పీకితే అసలు సంగతి బయటపడింది: ‘మూడోది పెట్టగానే డ్రమ్స్ మీద పడ్డాయి, కట్టేశాను. మిగతావి తర్వాత విందామని...’

అప్పుడు కూర్చుని ఆయన ఇచ్చిన ఐదూ మళ్లీ విన్నాను, గడియారం చూసుకుంటూ. నాలుగింట్లో డ్రమ్స్ నిమిషం దాటాకే వస్తాయి. ఒకదాంట్లో అసలు రావు. నేనేమో గిటార్ పట్టుకుని వేలాడుతున్నాను. ఆయనకి కావాల్సింది తొందరపడని పాట. ఆ ముక్క ఆయనకీ తెలియదు, కాబట్టి నాకు చెప్పలేకపోయారు. గిటార్ ఊసే లేని హిరోషి యోషిమురా పంపాను. జపాన్ ఆయన, 1982లో కీబోర్డు మీద చేసిన సంగీతం, టోక్యోలోని హారా మ్యూజియంలో వినిపించేవారు. ఆ రాత్రే రెండుసార్లు విన్నానని మెసేజ్ వచ్చింది.

కాబట్టి నా వాదన ఇదీ. నచ్చినవి అడక్కండి. మధ్యలో కట్టేసిన మూడు పాటలు అడగండి, సరిగ్గా ఏ చోట కట్టేశారో అడగండి.

లెక్కల బుర్ర:
పాత టేపు గారూ, మీరిప్పుడు కనిపెట్టింది యంత్రాలు ఎప్పుడో కనిపెట్టాయి. దాన్ని స్కిప్ అంటారు. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే గానీ ఒక వినికిడి కింద లెక్కే రాదు.

కానీ ‘నచ్చినవి అడగడం దండగ’ అన్నారే, అక్కడ ఒప్పుకోను. ఒక్క మనిషి జాబితా చూస్తే ఏమీ తెలియదు, నిజమే. అలాంటి జాబితాలు లక్షలు పక్కపక్కన పెట్టండి. మీ ఐదింట్లో నాలుగు నా దగ్గరా ఉంటే, నా ఐదోది మీకు నచ్చే అవకాశం ఎక్కువ. అంతే లెక్క. డ్రమ్స్ ఎప్పుడొస్తాయో యంత్రానికి తెలియక్కర్లేదు. ఆ సంగతి జనం ఎంపికల్లోనే దాగుంటుంది. 2015 జూలై నుంచి స్పాటిఫై ప్రతి సోమవారం ఇస్తున్న 30 పాటల జాబితాకి పునాదిలో పెద్ద రాయి ఇదే.

యూట్యూబ్ సంగతి చూడండి. మారియా తకెయూచి ‘ప్లాస్టిక్ లవ్’ 1984 నాటి జపనీస్ పాట. 2017లో ఎవరో అభిమాని ఎక్కించిన వీడియో, జపనీస్ ముక్క రానివాళ్ల ముందుకి తెచ్చి పెట్టింది అల్గారిథమే. ఏ మనిషీ నా దగ్గరికి వచ్చి ‘బాబూ, 80ల నాటి జపాన్ పాప్ విను’ అనలేదు.

తీగ లాగినవాడు:
లెక్కల బుర్ర గారు ఇచ్చిన ఉదాహరణే ఆయనకి ఎదురు తిరిగింది. తకెయూచి జపాన్‌లో పెద్ద స్టార్. మనకి తెలియదు, అంతే. యంత్రం ఒక ఇంట్లో వెలుగుతున్న దీపాన్ని పక్కింటికి చూపించింది. అసలు ఎవరూ వెలిగించని దీపం సంగతేంటి?

మీ లెక్క నడవాలంటే ఆ పాటని ముందు కొందరు విని ఉండాలి. నలభై మంది కూడా వినని పాటకి పక్కన పెట్టడానికి జాబితాలే ఉండవు. దీన్ని మీవాళ్లే ‘కోల్డ్ స్టార్ట్’ అంటారు. అడిగినాయన ఏమన్నారు? ‘పెద్దగా ఎవరికీ తెలియనివి’. సరిగ్గా మీ లెక్క చేతులెత్తేసే చోటు.

అమెరికాలో పండోరా అనే ఇంటర్నెట్ రేడియో వాళ్లు ఈ గొడవ లేకుండా వేరే దారి పట్టారు. సంగీతం నేర్చుకున్న మనుషుల్ని కూర్చోబెట్టి, ఒక్కో పాటనీ దాదాపు 450 లక్షణాల కొలబద్దతో విడగొట్టించారు: గొంతు ఎలాంటిది, లయ ఎలాంటిది, ఇలా. అక్కడ ఎవరూ వినని పాటకీ, కోటిమంది విన్న పాటకీ ఒకే గౌరవం. కాకపోతే మనిషి కూర్చుని వినాలి కాబట్టి నత్తనడక.

ఇంకోటి కూడా. యంత్రం చెప్పిందంతా నా అభిరుచి చూసే చెప్పిందని నమ్మకండి. స్పాటిఫైలో డిస్కవరీ మోడ్ అని ఉంది, 2020లో ప్రకటించారు. ఆర్టిస్టు గానీ లేబుల్ గానీ కొన్ని చోట్ల తక్కువ రాయల్టీకి ఒప్పుకుంటే, ఆ పాట సిఫార్సుల్లో ముందుకి జరుగుతుంది. అలా మీ ముందుకొచ్చిన పాట చెత్తదని అనను. కానీ మీ కోసం ఏరిందని మాత్రం అనుకోవద్దు.

శుద్ధ ధన్యాసి:
మీ ఇద్దరి మధ్య దూరడం ఇష్టం లేదు గానీ, ఇద్దరూ వదిలేసిన దారి ఒకటుంది.

మా పెదనాన్న కర్ణాటక సంగీతం తప్ప ఇంకోటి ముట్టరు. ‘మిగతావి గోల’ అనేది ఆయన తీర్పు. ఒకరోజు ఏమీ చెప్పకుండా అలీ ఫర్కా తూరే పెట్టాను. మాలి దేశపు గిటార్ వాద్యకారుడు, అమెరికా బ్లూస్‌కి వేర్లు మా గడ్డ మీదే ఉన్నాయనేవాడు. మొదటి నిమిషం ముఖం గంటు పెట్టుకునే ఉన్నారు. రెండో నిమిషానికి కుడిచెయ్యి తొడ మీదకి వచ్చింది, ఆదితాళం పడుతోంది. ‘శుద్ధ ధన్యాసి కదే ఇది! ఎవరతను?’ అన్నారు. కాసేపాగి, ‘గమకం లేదు. గమకం లేకుండా ఎలా నిలబెడుతున్నాడూ?’ అని గొణుక్కున్నారు. పాట అయ్యేదాకా లేవలేదు.

ఆయన అన్నది ఊరికే కాదు. బ్లూస్‌లో వాడే ఐదు స్వరాల మెట్లు, మన శుద్ధ ధన్యాసి రాగం మెట్లు ఒకటే: స గ మ ప ని, గాంధార నిషాదాలు రెండూ కోమలం. అలాగే మోహన మెట్లు చైనా పాటల్లో వినపడతాయి, స్కాట్లండ్ జానపదాల్లో వినపడతాయి. రాగం వేరు, మెట్లు వేరు, ఒప్పుకుంటా. కానీ చెవి గడప దాటడానికి ఆ ఐదు మెట్లు చాలు.

నేను పెదనాన్నని నచ్చినవీ అడగలేదు, కట్టేసినవీ అడగలేదు. ఆయన చెవి దేనికి అలవాటు పడిందో చూశాను.

లెక్కల బుర్ర:
@శుద్ధ ధన్యాసి, అద్భుతం అండీ. కానీ ఒక్క మాట. ఆయన మీ పెదనాన్న కాబట్టి కుదిరింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వందమంది అడిగితే?

@తీగ లాగినవాడు, కోల్డ్ స్టార్ట్ దగ్గర మీరు కొట్టిన దెబ్బ తగిలింది. అయితే ఇప్పుడు యంత్రాలు జాబితాలే కాదు, ధ్వనిని కూడా విడగొట్టి చూస్తున్నాయి. ఒక్కరూ వినని పాటకైనా వేగం, గొంతు తీరు కొలవచ్చు.

తీగ లాగినవాడు:
వేగం కొలుస్తుంది. విసుగు కొలుస్తుందా?

వంకర ప్రశ్న:
నాకో సందేహం. ‘పెద్దగా తెలియనిది’ అంటే ఎవరికి తెలియనిది? అమెరికాలోని డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగేజ్ 1970, 71లో రెండు ఎల్‌పీలు చేశాడు. సొంత దేశంలో ఎవరూ కొనలేదు, ఆయన కూలిపనికి పోయాడు. అదే సమయంలో దక్షిణాఫ్రికాలో ఇంటింటా ఆయన పాటే. అక్కడివాళ్లు ఆయన చచ్చిపోయాడనుకున్నారు, ఆయనకేమో తను అక్కడ స్టార్ అని తెలియదు. 1998లో వెళ్లి పాడితే హాళ్లు నిండిపోయాయి. ఈయన తెలిసినవాడా, తెలియనివాడా?

అసలు మనలో చాలామందికి ఈ ‘తెలియనిది’ ఒక పతకం. ఎదుటివాడికి నచ్చాలని కాదు, ‘అబ్బ, ఇది నీకెలా తెలుసు!’ అనిపించుకోవాలని పంపుతాం. పదకొండు బ్యాండ్లు పంపినాయన కాస్త గుండె మీద చెయ్యేసుకుని చెప్పాలి.

పేరు రానంత మాత్రాన గొప్పదీ కాదు, చెత్తా కాదు. 2006లో సైన్స్ పత్రికలో శాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చేశారు. పేరులేని బ్యాండ్లవి 48 పాటలు, 14 వేల పైచిలుకు శ్రోతలు. కొందరికి డౌన్‌లోడ్ అంకెలు చూపించలేదు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులు చేసి, ఎవరి గుంపు అంకెలు వాళ్లకే చూపించారు. ఒక గుంపులో హిట్టయిన పాట ఇంకో గుంపులో అడుగున పడింది. మరీ మంచివి మరీ కిందికి పోలేదు, మరీ నాసివి పైకి రాలేదు. మధ్యలో ఉన్నవాటి రాత మాత్రం ఎవడు ముందు నొక్కాడన్న దాన్ని బట్టే. మనం వెతకాల్సింది ఆ మధ్యవాటిలో.

రేడియో పిచ్చి:
అందరూ ‘వాళ్ల అభిరుచి నాకెలా తెలుస్తుంది’ అని కొట్టుకుంటున్నారు. తిరగేసి చూడండి. నాకు తెలియాల్సింది చెప్పేవాడి అభిరుచి.

జాన్ పీల్ బీబీసీ రేడియో 1లో 1967 నుంచి 2004లో పోయేదాకా రికార్డులు వేశాడు. వినేవాళ్ల ఇష్టాలు ఆయన ఎవర్నీ అడగలేదు. పంక్ పక్కనే రెగ్గే, దాని పక్కనే ఆఫ్రికా గిటార్. అప్పుడప్పుడు రికార్డుని తప్పు వేగంలో కూడా తిప్పేసేవాడు. అయినా జనం ఎందుకు నమ్మారు? రోజూ వింటుంటే ఆయన చెవి మనకి అలవాటవుతుంది. ఆయనకి ఏది పిచ్చో, ఏ విషయంలో ఆయన మాట పట్టించుకోనక్కర్లేదో తెలిసిపోతుంది. ‘ఈయనకి నచ్చిందంటే నాకు సగం నచ్చుతుంది’ అన్న లెక్క వినేవాడే వేసుకుంటాడు. యంత్రానికి అలాంటి పిచ్చి ఏదీ లేదు, నేను దేన్ని పట్టుకుని లెక్క వేసుకోవాలి?

ఇక పాత టేపు గారి పద్ధతిలో ఒక పెద్ద చిల్లు ఉంది. కొన్ని పాటలు మూడోసారికి గానీ ఎక్కవు. పదేపదే తారసపడితే ఇష్టం పెరుగుతుందని జయాంక్ అనే మనస్తత్వవేత్త 1968లోనే చూపించాడు. కట్టేసిన చోటే కొలబద్ద అయితే ఆ పాటలకి జన్మలో రెండో అవకాశం రాదు.

కొత్తగా చేరాను:
అన్నలూ, ఇంతకీ ఆ పదకొండు బ్యాండ్ల లిస్టు పెడతారా లేదా

పాత టేపు:
@కొత్తగా చేరాను, రాత్రికి పెడతా తమ్ముడూ.

@వంకర ప్రశ్న, గుండె మీద చెయ్యేసుకున్నాను. పదకొండులో నాలుగు పతకం కోసమే పంపాను. నిజం.

@రేడియో పిచ్చి, మూడోసారి మాట ఒప్పుకోక తప్పదు. కానీ నేను కట్టేసిన చోటు అడిగేది ఆ పాటని కొట్టెయ్యడానికి కాదండీ. ఎందుకు కట్టేశారో మాట్లాడించడానికి. ‘ఎందుకు నచ్చింది’ అంటే జనం ‘బాగుంటుంది’ అంటారు, ఆగిపోతారు. ‘ఎందుకు కట్టేశారు’ అంటే పావుగంట మాట్లాడతారు. నచ్చినదాన్ని వర్ణించడానికి మన దగ్గర మాటల్లేవు గానీ, తిట్టడానికి కొదవా?

ఇక్కడే చూద్దాం. వంకర ప్రశ్న గారూ, మీరు కట్టేసిన మూడు చెప్పండి. పేర్లొద్దు, ఎక్కడ, ఎందుకు, అంతే.

వంకర ప్రశ్న:
సరే, బలిపశువు నేనే.
ఒకటి: పాడేవాడు చెవిలో గుసగుసలాడుతున్నట్టు ఉంది. ఇరవై సెకన్లు. ఒళ్లు జలదరించింది, మంచి అర్థంలో కాదు.
రెండు: పదమూడు నిమిషాల వాద్యం. ఎటో వెళ్లిపోయింది, తిరిగొస్తుందన్న ఆశ పోయాక ఏడో నిమిషంలో కట్టేశాను.
మూడు: పల్లవి నాలుగోసారి వచ్చినప్పుడు. మొదటిసారి ఎలా ఉందో నాలుగోసారీ అచ్చు అలాగే ఉంది.

శుద్ధ ధన్యాసి:
రెండూ మూడూ ఒకదానికొకటి ఎదురు కదండీ! తిరిగి రాకపోతే కోపం, వస్తే కోపం.

పాత టేపు:
ఎదురు కాదనుకుంటా. తిరిగి రావాలి, కానీ వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పట్టుకుని రావాలి. వంకర ప్రశ్న గారూ, ములాటు అస్టాట్కే వినండి. ఇథియోపియా ఆయన, వైబ్రఫోన్ (లోహపు పలకల మీద కర్రలతో కొట్టి వాయించే వాద్యం) వాయిస్తాడు. ‘ఎతియోపిక్స్’ సిరీస్ నాలుగో సంపుటిలో 1969–74 మధ్య చేసినవి ఉన్నాయి. మాటల్లేవు కాబట్టి గుసగుసల బెడద లేదు. అడుగున చిన్న స్వరాల ముక్క ఒకటి తిరుగుతూనే ఉంటుంది, మీద శాక్సోఫోనో ఇంకోటో వచ్చి దాన్ని పక్కకి లాగుతుంది. మొదటిది పెట్టండి. ఎక్కడ కట్టేశారో నిజం చెప్పాలి.

లెక్కల బుర్ర:
నేనూ పందెం కాస్తున్నా. రెండో నిమిషం దాటరు.

వంకర ప్రశ్న:
1 నిమిషం 50 సెకన్ల దగ్గర కట్టేశాను.

లెక్కల బుర్ర:
చెప్పానా!

వంకర ప్రశ్న:
ఫోన్ వచ్చింది మహానుభావా. మళ్లీ మొదటినుంచి పెట్టాను, ఇప్పుడు శాక్సోఫోన్ దగ్గరున్నా. కాసేపు ఎవరూ ట్యాగ్ చెయ్యకండి.