లెటర్ ఆఫ్ ఇంటెంట్ (ఉద్దేశ లేఖ) అందింది, పీఓ (కొనుగోలు ఆర్డరు) రాలేదు: పని మొదలుపెట్టవచ్చా?

బాలానగర్ షెడ్డు:
బాలానగర్‌లో మాది రేకు పని చేసే చిన్న షెడ్డు. రెండేళ్ల క్రితం ఒక కంపెనీ 400 ప్యానెల్ బాక్సులు మాచేతనే చేయిస్తామంటూ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పంపితే, దాన్నే ఆర్డరనుకుని, పీఓ రాకముందే రేకు కొని సగం బాక్సులు తయారుచేయించాను. మూడు వారాలకు డిజైన్ మారిందని చెప్పి వారు తప్పుకున్నారు. 'ఈ లేఖకు ఉభయులూ కట్టుబడి ఉండనవసరం లేదు' అన్న వాక్యం చివరి పేరాలో ఉందని అప్పుడు గాని చూడలేదు. అంతవరకు నా కళ్లు సంతకం మీద, ముద్ర మీదనే ఉన్నాయి. అసలు ఈ లేఖకు విలువెంత?

సివిల్ వకీలు:
మున్ముందు ఒప్పందం చేసుకోవాలన్న ఉద్దేశాన్ని తెలపడమే తప్ప, మామూలుగా ఈ లేఖ ఎవరినీ బాధ్యులను చేయదని సుప్రీంకోర్టు 2006లో డ్రెస్సర్ రాండ్ కేసులో చెప్పింది. అయితే కోర్టు శీర్షిక చూసి ఊరుకోదు. ధర, పరిమాణం, గడువు ఖరారై, వెంటనే పని మొదలుపెట్టమని కూడా రాసి ఉంటే, దాన్ని అంగీకార పత్రంగానే పరిగణించవచ్చు. మీ లేఖలోని చివరి పేరా ఆ దారి మూసేసింది. ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ కింద, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పనివల్ల అవతలివారు లాభం పొందితే పరిహారం అడగవచ్చు గాని, బాక్సులు మీ షెడ్డు దాటలేదు కనుక వారు పొందిన లాభమేమిటని అడుగుతారు.

మాదాపూర్ లీజు:
మా ఆఫీసు లీజుకు ముందు రాసుకున్న లేఖలో అద్దె, లాక్-ఇన్ (నిర్ణీత కాలం లోపు ఖాళీ చేయరాదన్న షరతు) విషయాలకు ఎవరూ కట్టుబడరని ఉంది. 30 రోజుల వరకు ఆ అంతస్తును మరొకరికి చూపరాదన్న షరతుకూ, గోప్యతకూ మాత్రం ఇద్దరూ కట్టుబడాలని విడిగా రాసుకున్నాం. కాబట్టి ఒకే కాగితంలో రెండు రకాల మాటలూ ఉండవచ్చునండీ. టోకెన్ సొమ్ము ఎప్పుడు వాపసు ఇవ్వాలో రాయించుకోకపోవడం మాత్రం మా పొరపాటే.

బాలానగర్ షెడ్డు:
వకీలు గారూ, ధన్యవాదాలు. నిరుడు మరొకరి లేఖ వచ్చినప్పుడు, పీఓకు ముందే రేకు కొనమంటే దాని ఖర్చు వారే భరించాలన్న ఒక్క వాక్యం చేర్చమన్నాను. రెండు రోజులు ఆలోచించి, వాక్యం చేర్చకుండా నేరుగా పీఓనే పంపారు.