సీనియర్ విల్స్: స్కూల్ పేపర్లో మా వాడికి వీలునామా రాశారు. ఫిర్యాదు చేయాలా, వద్దా?

రారిటన్_అమ్మ
మాది న్యూజెర్సీ. బాబు టెన్త్ గ్రేడ్, మార్చింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తాడు. ఇక్కడి స్కూళ్ళ పద్ధతి తెలియనివాళ్ళ కోసం ముందు అసలు సంగతి. ట్వెల్త్ ముగించి వెళ్ళిపోయే సీనియర్లు స్కూల్ పేపర్ ఆఖరి సంచికలో వీలునామాలు రాస్తారు. ఆస్తిపాస్తులు ఉండవు కాబట్టి తమ అలవాట్లు, తిక్కలు, పార్కింగ్ స్పాటు, లాకరు పేరుపేరునా జూనియర్లకు రాసిచ్చేస్తారు. "ఫస్ట్ పీరియడ్‌కి రోజూ లేటుగా వచ్చే నా ప్రతిభ ఫలానా అమ్మాయికి, కాల్క్యులస్ క్లాసులో కళ్ళు తెరుచుకుని నిద్రపోయే నా విద్య ఫలానా అబ్బాయికి." ఈ ధోరణిలో నాలుగు పేజీలు. మా వాడి పేరు వచ్చేదాకా నేనూ నవ్వుకుంటూనే చదివాను.

ట్రంపెట్ సెక్షన్ లీడర్ రాసింది ఇదీ: "బ్యాండ్ రూమ్‌లో ట్యూబా లాకర్ల వెనక ఉన్న నా లంచ్ మూల ఇకనుంచి నీది. ఎలాగూ రోజూ అక్కడే ఉంటావు. ఎప్పుడో ఒకరోజు నోరు తెరిచి ఒక పూర్తి వాక్యం మాట్లాడే శక్తి కూడా నీకే ఇస్తున్నాను."

పేరు, ఇంటిపేరు రెండూ అచ్చేశారు. టీచర్ చూసే కదా అచ్చుకు పంపేది? హెచ్‌ఐబి ఫారం (వేధింపులు, బెదిరింపుల ఫిర్యాదు) నింపుదామని కూర్చున్నాను. ఎవరికైనా అనుభవం ఉందా?

వరంగల్_పోరడు
గింత దానికి ఫారమా అక్కా? పోరలన్నంక జోకులేస్తరు.

ట్రంపెట్_నాన్న
మేడమ్, తొందరపడకండి. మేం టెక్సాస్‌లో ఉంటాం, మా ఇద్దరు పిల్లలూ బ్యాండే. మా దగ్గర ఈ విల్స్ పేపర్లో రావు, ఏడాది చివర బ్యాంక్వెట్‌లో మైకు పట్టుకుని చదువుతారు. మా అమ్మాయి ఫ్రెష్‌మన్‌గా (నైన్త్ గ్రేడ్) ఉన్నప్పుడు డ్రమ్ మేజర్, అంటే బ్యాండ్‌ని ముందుండి నడిపించే అమ్మాయి, ఏమిచ్చిందో తెలుసా? "వెనక్కి నడుస్తూ పడిపోవడంలో నాకున్న నైపుణ్యం." ఆగస్టు బ్యాండ్ క్యాంప్‌లో, ఆ ఎండలో, మా పిల్ల అందరి ముందూ వెల్లకిలా పడింది లెండి. ఆ మాట విని ఇంటికొచ్చి గంతులేసింది. సీనియర్ నోట తన పేరు వచ్చిందని!

ఆ రాత్రి ఏడ్చేవాళ్ళు వేరే ఉంటారు. ఎవరి విల్లులోనూ పేరు రాని పిల్లలు. పార్కింగ్ లాట్‌లో వాళ్ళని చూశాను, అందుకే చెబుతున్నాను. మీ వాడిని ఒక సెక్షన్ లీడర్ గుర్తుపెట్టుకున్నాడు, అదీ వేరే సెక్షన్‌వాడు. నేనైతే థాంక్స్ చెప్పేవాడిని.

రూల్స్_రామయ్య
థాంక్సా? చట్టం ఏమంటుందో చూద్దాం. న్యూజెర్సీ యాంటీ బుల్లీయింగ్ చట్టం 2011 జనవరిలో సంతకమైంది. జాతి, మతం, వైకల్యం మాత్రమే కాదు, "ఇతర ప్రత్యేక లక్షణం" ఏదైనా కారణం కావచ్చు అంటుంది. తక్కువ మాట్లాడటం ప్రత్యేక లక్షణమే. రాతపూర్వకంగా ఇచ్చాక 10 స్కూల్ దినాల్లో విచారణ పూర్తిచేయాలి. ఇక పేపర్ సంగతి. 1988లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన హేజిల్‌వుడ్ తీర్పు ప్రకారం స్కూల్ నడిపే పేపర్లో ఏది రావాలో ప్రిన్సిపాల్ నిర్ణయించవచ్చు. అంటే ఆపగలిగీ ఆపలేదు. బాధ్యత స్కూల్‌దే.

ఎడిటర్_తల్లి
రామయ్య గారూ, సగం చెప్పి వదిలేశారు. న్యూజెర్సీలో 2021 డిసెంబర్‌లో విద్యార్థి జర్నలిస్టుల హక్కుల చట్టం వచ్చింది. ప్రిన్సిపాల్ ఇష్టమొచ్చినట్టు కోసేయడం ఇప్పుడు కుదరదు. మా అమ్మాయి వాళ్ళ స్కూల్ పేపర్ ఎడిటర్, ఈ పేజీలు దగ్గరుండి చూశాను. సీనియర్లంతా గూగుల్ ఫారంలో పంపుతారు. మాటల పరిమితి ఎవడూ పాటించడు. తాగుడు ప్రస్తావనలు, మాజీ బాయ్‌ఫ్రెండ్ మీద కసి, టీచర్ల మీద సెటైర్లు అన్నీ ఏరేసేసరికి తెల్లారుతుంది. "పూర్తి వాక్యం మాట్లాడే శక్తి" అన్న మాట ఆ కుప్పలో కనిపిస్తే ఎవరైనా ముద్దుగానే ఉందనుకుంటారు. పదిహేడేళ్ళ పిల్లల మీద కేసులు పెట్టేలా మాట్లాడకండి.

రూల్స్_రామయ్య
కేసు అని నేనెక్కడ అన్నాను? హేజిల్‌వుడ్ చెల్లదని మాత్రం అనకండి. అది సుప్రీంకోర్టు తీర్పు.

ఎడిటర్_తల్లి
సుప్రీంకోర్టు ఇచ్చింది కనీస రక్షణ. రాష్ట్రం అంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చు, ఇచ్చింది. కాలిఫోర్నియా 1977 నుంచే ఇస్తోంది.

రూల్స్_రామయ్య
2021 చట్టంలోనూ అనవసరంగా వ్యక్తిగత గోప్యతలోకి చొరబడే రాతలకు మినహాయింపు ఉంది. అసలు హేజిల్‌వుడ్ గొడవ మొదలైందే అక్కడ. 1983లో మిస్సోరీలో ఆ ప్రిన్సిపాల్ రెండు పేజీలు తీసేశాడు. గర్భవతులైన విద్యార్థినుల గురించిన కథనంలో పేర్లు మార్చినా ఎవరో పోల్చుకుంటారన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. ఇక్కడ పేరే అచ్చేశారు!

బస్‌స్టాప్_కబుర్లు
గర్భవతుల కథనానికీ లంచ్ మూలకీ లంకె ఏంటండీ బాబూ.

కాకినాడ_కాజా
చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఉండబట్టక రాస్తున్నాను. ట్రంపెట్ గారికి ఇదంతా ముద్దుగా ఉంది. మన దగ్గర దీన్నే ఫేర్‌వెల్ టైటిల్స్ అనేవాళ్ళం. మా డిగ్రీ కాలేజీలో సీనియర్లు వెళ్ళేరోజు జూనియర్లలో కొందరిని స్టేజీ మీదికి పిలిచి టైటిల్ ఇచ్చేవాళ్ళు. నాకు నత్తి ఉండేది. ఇప్పటికీ టెన్షన్ పడితే వస్తుంది. నాకిచ్చిన టైటిల్ "ఆకాశవాణి". అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి మెళ్ళో వేశారు. మైకిచ్చి, "ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది" అని చెప్పమన్నారు. "ఆ" దగ్గరే ఆగిపోయాను. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను? లెక్చరర్లు ముందు వరసలో కూర్చుని చూస్తున్నారు.

మిగిలిన రెండేళ్ళూ నా పేరు ఆకాశవాణే. క్లాస్‌మేట్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఇవాళ్టికీ పుట్టినరోజుకి "హ్యాపీ బర్త్‌డే ఆకాశవాణి" అని పెడతారు. ప్రేమతోనే పెడతారు. నాకు తెలుసు. అయినా ఆ రోజంతా ఫోన్ తీయను.

అమ్మా, ఫారం ఇచ్చేయండి.

ట్రంపెట్_నాన్న
మీకు జరిగింది తప్పే, కాదనను. కానీ మైకిచ్చి నత్తివాడిని మాట్లాడమనడం వేరు, ఇది వేరు. ఆ సీనియర్ సంగతి ఎవరూ ఆలోచించరేం? జూన్‌లో ఫిర్యాదు వేసి, 10 దినాల విచారణంటే గ్రాడ్యుయేషన్ రోజుకి వాడు నిందితుడు. స్టేజీ మీద నడవనిస్తారో లేదో తెలీదు. వాళ్ళమ్మా నాన్నా ఎక్కడెక్కడి నుంచో బంధువుల్ని పిలుచుకుని ఉంటారు. మీ కాలేజీ నాటి కసి వాడి మీద తీర్చుకుంటారా?

కాకినాడ_కాజా
కసా? నా మాట మొత్తం చదివారా అసలు? "వెనక్కి పడిపోవడంలో నైపుణ్యం" అన్నారే, మీ పాప ఒకసారి పడి లేచింది. పడటం ఆ పిల్ల లక్షణం కాదు. ఈ బాబు రోజూ మాట్లాడడు. ఉన్న లోపాన్ని అచ్చేస్తే అది లోపమని స్కూల్ ముద్ర వేసినట్టు.

ట్రంపెట్_నాన్న
మాట్లాడకపోవడం లోపమని ఎవరన్నారు? మీరే అంటున్నారు!

వరంగల్_పోరడు
ఇద్దరూ చల్లబడుండ్రి.

లేఖరి_మనవడు
మా తాతయ్య దస్తావేజు లేఖరి, తణుకు రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల. "స్వస్థబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్తిగా వ్రాయించిన వీలునామా" అన్న వాక్యం నాకు ఎక్కాలకంటే ముందొచ్చింది. ఈ అమెరికా పిల్లలు కూడా మొదట్లో అచ్చం అదే వెటకారంగా రాస్తారు. కొత్త సరదా కూడా కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళ ఇయర్‌బుక్‌లు స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, తిరగేయండి. "క్లాస్ విల్", పక్కనే "క్లాస్ ప్రాఫెసీ" అని ఎవరు ఏమవుతారో జోస్యం. ఒకడి పొడుగు పొట్టివాడికి, ఒకరి వాగుడు మౌనికి. వందేళ్ళుగా అవే జోకులు.

చెప్పొచ్చేదేంటంటే, తాతయ్య దగ్గరికి ఎవరైనా వీలునామాకి వస్తే మొదటి ప్రశ్న ఒకటే: "ఈ ఆస్తి నీదేనా?" తనది కానిది రాసిస్తే కాగితం చెల్లదు. ఈ సీనియర్ ట్యూబా లాకర్ల వెనక మూలని తన ఆస్తిలో చూపించాడు. అంటే అంతకుముందు అక్కడ కూర్చుని తిన్నది ఎవరు?

బస్‌స్టాప్_కబుర్లు
అరె.

రూల్స్_రామయ్య
ఉద్దేశం ఏదైనా హెచ్‌ఐబి చట్టంలో చూసేది పిల్లవాడి మీద పడిన ప్రభావం. అతను అక్కడ తిన్నాడా లేదా అన్నది అప్రస్తుతం.

ఎడిటర్_తల్లి
చట్టం చట్టం అని ఊరికే అనకండి. లక్షణం వల్ల ప్రేరేపితమైందని సహేతుకంగా అనిపించాలి అని కూడా ఉంది, ప్రభావం ఒక్కటే సరిపోదు.

రారిటన్_అమ్మ
ఆపండి ఇద్దరూ. నేను అడిగిందేంటి, మీరు మాట్లాడుతున్నదేంటి? లేఖరి గారూ, ఆ సంగతి నాకు తట్టలేదనుకున్నారా? పేపర్ చూసిన రాత్రే తట్టింది. అందుకే ఒళ్ళు మండింది.

రోజూ లంచ్ బాక్స్ కడిగేది నేను. పులిహోర పెట్టినా పాస్తా పెట్టినా ఖాళీగా వస్తుంది. "ఎవరితో తిన్నావు?" అంటే "ఫ్రెండ్స్" అంటాడు. రెండేళ్ళుగా అదే జవాబు. ఇద్దరు ముగ్గురు పేర్లు కూడా చెప్పేవాడు. వాళ్ళని పుట్టినరోజుకి పిలవమంటే బిజీ అనేవాడు. వాడు ఒక్కడే లాకర్ల వెనక కూర్చుని తింటున్నాడని ఆ ట్రంపెట్ వాడికి తెలుసు, పేపర్ ఎడిటర్‌కి తెలుసు, టీచర్‌కి తెలుసు. స్కూలంతటికీ తెలిసింది. కన్నదాన్ని, నాకు అచ్చులో చదివితే తెలిసింది. ఆ పిల్లవాడు మంచివాడే కావచ్చు. మంచివాడైతే నవ్వులాటగా రాయడం కాదు, పెద్దవాళ్ళెవరికైనా చెప్పాలి కదా!

ట్రంపెట్_నాన్న
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. అయితే మీ కోపం వీలునామా మీద కాదు మేడమ్. బాబు మీకు చెప్పలేదని. దానికి ఇంకొకడి గ్రాడ్యుయేషన్ ఎందుకు బలి కావాలి? పిల్లలకి మనకు తెలియని మూల ఒకటి ఉంటుంది. ఉండాలి కూడా. మనం హాస్టల్లో ఏం చేశామో మన అమ్మలకి తెలుసా? వాడిని అడిగారా, ఆ పేపర్ చూసి ఏమనుకున్నాడో?

రారిటన్_అమ్మ
అడగలేదు. పేపర్ వాడి బ్యాగులో దొరికింది, దాచుకున్నట్టుంది. నేను చూశానని తెలిస్తే ఆ మాత్రం కూడా చెప్పడు.

ట్రంపెట్_నాన్న
దాచుకున్నాడు. చింపేయలేదు.

కాకినాడ_కాజా
నా అట్టముక్క కూడా చాలాకాలం ట్రంకు పెట్టెలో ఉంది సార్. దాచుకున్నంత మాత్రాన నచ్చినట్టు కాదు. మూల ఉండాలి అంటున్నారు, సరే. మా నాన్నకి నా టైటిల్ సంగతి ఎప్పుడూ తెలియలేదు, నేను చెప్పలేదు. ఆయన పోయేదాకా "నీ కాలేజీ రోజులే బంగారు రోజులురా" అనేవారు. ఆయనకి తెలిసుంటే ఏం చేసేవారో నాకు తెలీదు. ఫారం నింపేవారు కాదు, అది ఖాయం. కానీ ఎవరో ఒకరు తెలుసుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మీకది ఎప్పటికీ అర్థం కాదు, ఎందుకంటే మీ పిల్ల ఇంటికొచ్చి గంతులేసి చెప్పింది.

ట్రంపెట్_నాన్న
పెద్దమ్మాయి చెప్పింది. చిన్నవాడి పేరు మూడేళ్ళుగా ఏ విల్లులోనూ రాలేదు. పార్కింగ్ లాట్‌లో చూశానన్నది వాడినే. వాడికి కనీసం ఒక మూలైనా రాసిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో మీకూ అర్థం కాదు.

ఎడిటర్_తల్లి
మా దగ్గర ఈ ఏడు ఒక పెట్టె పెట్టారు. పేరు వేయొద్దనుకునేవాళ్ళు చెప్పొచ్చని. ఎవరూ చెప్పలేదట.

కాకినాడ_కాజా
వద్దని చెప్పేవాడైతే ఆ మూలలో ఎందుకు కూర్చుంటాడండీ.

రారిటన్_అమ్మ
ఫారం నింపాను, పంపలేదు. సోమవారం వెళ్ళి బ్యాండ్ టీచర్‌తో మామూలుగా మాట్లాడతాను. సీనియర్ పేరు ఎత్తను. లంచ్ టైమ్‌లో ఆ గదిలో ఇంకెవరుంటారో అడుగుతాను, అంతే.

రూల్స్_రామయ్య
ఒక్క విషయం. ఆ పేపర్ చూపించి, బాధపడ్డామని నోటిమాటగా చెప్పినా చాలు. హెచ్‌ఐబి అనిపిస్తే టీచర్ అదే రోజు ప్రిన్సిపాల్‌కి చెప్పి తీరాలి, రెండు స్కూల్ దినాల్లో రాసి ఇవ్వాలి. వాళ్ళ ఇష్టం కాదు, చట్టం. మామూలుగా మాట్లాడటం అంటూ ఉండదు.

రారిటన్_అమ్మ
అయితే పేపర్ తీసుకెళ్ళను.