సలీమలై కాదు, సలీమలియీ

అందరికీ నమస్కారం. టెక్కలి దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. పిల్లలతో పక్షుల పటం వేయిస్తున్నాను. పక్షుల విడిది తేలినీలాపురం మాకు దగ్గరే కాబట్టి గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ మా పిల్లలకు చుట్టాల లెక్క. శాస్త్రీయ నామాలు కూడా తెలుగు లిపిలోనే రాయమన్నాను. గూడబాతుతో ఇబ్బంది రాలేదు. పెలికానస్ ఫిలిప్పెన్సిస్, అంటే ఫిలిప్పీన్స్‌కు చెందినది. 1789లో గ్మెలిన్ పెట్టిన పేరు. చిక్కంతా మనుషుల పేర్లతోనే. తూర్పు హిమాలయాల్లోని ఒక త్రష్ పిట్టకు 2016లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టారు. రోమన్ లిపిలో ఆ పేరు చివర ‘ఐ’ అక్షరం రెండుసార్లు వస్తుంది. ఒక అమ్మాయి ‘జూతెరా సలీమలై’ అని రాసింది, పక్కనున్న అబ్బాయి ‘సలీమలీ’ అన్నాడు. ఎవరిది ఒప్పు?

విజయనగరం నుంచి జవాబు:
మాస్టారూ, ఇద్దరూ ఒక ఇకారాన్ని పోగొట్టారు. మొదటి ఇకారం ఆయన పేరులోది. రెండోది లాటిన్ షష్ఠీ విభక్తి: ‘సలీం అలీ యొక్క’ అని. పురుషుడి పేరైతే చివర ‘ఐ’ చేరుతుంది, స్త్రీ పేరైతే ‘ఏ, ఈ’ అక్షరాల జంట చేరుతుంది.

జంతుశాస్త్రం చెప్పే నాకు ఈ స్త్రీలింగ ముగింపు చాలా ముఖ్యం. హిమాలయాల్లో ఈథోపైగా గూల్డియే అనే తేనెపిట్ట ఉంది. 1831లో విగర్స్ ఆ పేరు పెట్టింది ఎలిజబెత్ గూల్డ్ గౌరవార్థం. భర్త జాన్ గూల్డ్ పుస్తకాలకు ఎన్నో పక్షి చిత్రాలు గీసిన చిత్రకారిణి ఆమె. ఆ ముగింపును ఎవరైనా ‘ఐ’గా మార్చి రాస్తే ఆమెకు దక్కిన గౌరవం భర్త ఖాతాలోకి వెళ్లిపోతుంది. అందుకే దీన్ని చిన్న అక్షరదోషమని వదిలేయలేను.

మాస్టారి ప్రశ్న:
మరి జెర్డన్ పేరు పెట్టిన పక్షి క్లోరోప్సిస్ జెర్డోనీకి ఒకే ‘ఐ’ ఉంది, టెమ్మింక్ పేరు పెట్టిన పక్షి కాలిడ్రిస్ టెమ్మింకియీకి రెండున్నాయి. టెమ్మింక్ పేరు చివర ఇకారమే లేదు కదా?

విజయనగరం:
పేరు పెట్టినవారి ఇష్టం. 1844లో బ్లైత్ జెర్డన్ పేరును ఉన్నది ఉన్నట్టు తీసుకుని విభక్తి చేర్చాడు. 1812లో లైస్లర్ మాత్రం ముందు టెమ్మింక్‌ను ‘టెమ్మింకియస్’ అని లాటిన్ మనిషిని చేసి, ఆ తర్వాత విభక్తి చేర్చాడు. రెండూ చెల్లుతాయి. అయితే మొదట అచ్చయిన రూపమే శాశ్వతం. అందంగా లేదనో అన్నీ ఒకేలా ఉండాలనో తరువాతివారు ఒక ఇకారం తీయడానికీ చేర్చడానికీ అంతర్జాతీయ నామకరణ నియమావళి ఒప్పుకోదు.

మాస్టారు:
ఇప్పుడు తెలిసింది. విభక్తి చేరేముందు నామం చివర వచ్చే ఇ, టి, తి వర్ణకాలను మన బాలవ్యాకరణం ఔపవిభక్తికాలు అంటుంది. వాటిలో మొదటిది ఇకారమే. ఊరు, ఊరి చెరువు. రెండు భాషలకూ చుట్టరికం లేదు, ఇది కాకతాళీయమే. కానీ పిల్లలకు ‘ఊరు ఊరి అయినట్టే జెర్డన్ జెర్డోనీ అయ్యాడు’ అని చెబితే ఇక మరచిపోరు. లాటిన్‌లో ఆ ఇకారం దీర్ఘం కాబట్టి ‘నీ’ అనే రాయిస్తాను.

సలీం అలీ పేరుకు కూడా మన దగ్గర మార్గముంది. రెండు అచ్చులు పక్కపక్కన వచ్చి సంధి జరగనప్పుడు తెలుగు యడాగమాన్ని, అంటే మధ్యలో చేరే యకారాన్ని, పిలుస్తుంది. ‘మా అమ్మ’ను ‘మా యమ్మ’ అన్నట్టే ‘సలీమలియీ’. రెండు ఇకారాలూ వినిపిస్తాయి, చదవడానికీ నోరు తిరుగుతుంది.

విజయనగరం:
బాగుంది మాస్టారూ. పటంలో కలివికోడి ఉంటే ఒక్క మాట. ఇంగ్లీషులో అది ‘జెర్డన్ కోర్సర్’ కాబట్టి శాస్త్రీయ నామంలోనూ జెర్డన్ ఉంటాడని పిల్లలు అనుకోవచ్చు. అది రైనోప్టిలస్ బైటార్క్వేటస్. మెడకింద రెండు పట్టీలున్నదని అర్థం. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన పక్షి అదే. జెర్డన్ తన పుస్తకంలో పక్షుల తెలుగు పేర్లను కూడా నమోదు చేసిన వైద్యుడు. పటంలో ‘కలివికోడి’ అనే మాటను పైన, పెద్ద అక్షరాల్లో రాయించండి.