శాంతి స్వరూప్ గారు నిజంగా వార్తలు కంఠతా పట్టి చదివేవారా?

మారతహళ్ళి కోడలు:
మా అపార్ట్‌మెంట్ ఉగాది ప్రోగ్రాంకి ఈసారి యాంకరింగ్ నా నెత్తిన పడింది. ఫోన్‌లో ప్రాంప్టర్ యాప్ పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తుంటే మా మామయ్యగారు నవ్వారు. "శాంతి స్వరూప్‌కి ఇవన్నీ ఎక్కడివమ్మా? అంతా కంఠతా పట్టి చదివేవాడు" అన్నారు. రోజూ మారిపోయే వార్తల్ని కంఠతా పట్టడం ఏంటండీ? మామయ్యగారి మాటల్లో కాస్త మసాలా ఎక్కువే. తెలిసినవాళ్లు చెప్పండి.

జయనగర్ తాతయ్య:
అమ్మా, ఈసారి మసాలా లేదు. 1983 నవంబర్ 14 సాయంత్రం హైదరాబాద్ దూరదర్శన్‌లో మొట్టమొదటి తెలుగు వార్తలు చదివింది ఆయనే. ఆ తర్వాత పదేళ్లపాటు ప్రాంప్టర్ లేకుండానే నడిపించారు. ప్రాంప్టర్ ఉంటే కెమెరా ముందు అద్దంలో అక్షరాలు కదులుతుంటాయి, చదువుతున్నా మనవంకే చూస్తున్నట్టు ఉంటుంది. అది లేనప్పుడు తలొంచుకుని కాగితం చదవాలి, లేదా ముందే బుర్రకెక్కించుకోవాలి. ఆయన రెండో దారి పట్టారు.

నాకు అంతకన్నా వింతగా అనిపించేది ఇంకోటి ఉంది. ఆయన దూరదర్శన్‌లో చేరింది 1978లో. అప్పటికి తెలుగు వార్తలే లేవు! ఐదేళ్లు ఆగాక గానీ ఆ కుర్చీ దక్కలేదు. ఇప్పటి పిల్లలైతే ఐదు నెలలకే రిజైన్ చేస్తారు (మా మనవడు చదివితే తిడతాడు).

ఇక్కడ బెంగళూరులో మాకు వచ్చేది కన్నడ, ఢిల్లీ ప్రోగ్రాములే. సెలవులకి చిక్కడపల్లిలో మా అక్క వాళ్లింటికి వెళ్తేనే తెలుగు వార్తలు. ఏడయ్యేసరికి మా అక్క పోపు కూడా ఆపేసేది, చిటపటలకి వినబడదని. ఆయన ఎన్నిసార్లు తల దించుతారో అని నేనూ మా బావా పందెం కట్టాం. ఆ రోజు మిరపకాయ బజ్జీల డబ్బులు నావే.

కూకట్‌పల్లి టు కోరమంగళ:
తాతయ్యగారూ, ఆయన నవలలు కూడా రాశారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద ఒకటి, సతీసహగమనం మీద ఒకటి. భార్య రోజారాణి గారు కూడా న్యూస్ రీడరే. స్వరూప్ గారు 2024 ఏప్రిల్ 5న పోయినప్పుడు మా నాన్న ఆ రోజంతా టీవీ ముందు నుంచి లేవలేదు.

కన్నడిగుల అల్లుడు:
మొన్న ఆఫీసులో రెండు నిమిషాల స్పీచ్ కంఠతా పట్టి వెళ్లాను. మూడో వాక్యం దగ్గరే "నమస్కారం" అని దిగిపోయాను. పదేళ్లంటే మాటలా!

మారతహళ్ళి కోడలు:
అందరికీ థాంక్స్. మామయ్యగారికి చదివి వినిపించాను. బజ్జీల దగ్గర ఆపి, "పందెం ఎన్నిసార్లకి కట్టారో అడుగు" అంటున్నారు. యాప్ మాత్రం తీసెయ్యను బాబూ, స్పాన్సర్ల పేర్లే పదహారున్నాయి.

జయనగర్ తాతయ్య:
నేను పది అన్నాను తల్లీ. మా బావ నాలుగన్నాడు.